వాసన ఆగిపోయిన ట్యాంకు గురించి శాలిబండలో అడిగిన ప్రశ్న

ఒక మనిషిని ఒక్క ప్రశ్న అడగడానికే నేను పాతబస్తీకి వెళ్లాను. సముద్రతీరంలోని ఒక చమురు శుద్ధి కర్మాగారంలో భద్రతా అధికారిగా పనిచేస్తున్నాను. మొన్నటి మరమ్మతుల సమయంలో శాలిబండకు చెందిన యాదగిరి అనే కాంట్రాక్టు కూలీ ఖాళీ చేసిన ట్యాంకు బయట కాపలా ఉండేవాడు. లోపల శుభ్రం చేసేవాళ్లను కనిపెట్టుకుని ఉండటమే అతని పని. ఒక మధ్యాహ్నం గ్యాస్ మీటరు సున్నా చూపిస్తుండగానే లోపలి ముగ్గురినీ బయటికి పిలిచేశాడు. వాళ్లకేమీ కాలేదు. పూట పని పోయిందని కాంట్రాక్టరు అతన్ని ఇంటికి పంపేశాడు. ‘అకారణంగా పని ఆపాడు’ అని నివేదికలో రాసింది నేనే. పది రోజుల తర్వాత ఆ మీటరు గొట్టంలో సన్నని పగులు బయటపడింది. ట్యాంకు గాలికి బదులు బయటి గాలిని పీల్చి సున్నా చూపించి ఉండవచ్చు. కానీ ఆ పగులు ఆ రోజుకు ముందే ఉందో, తర్వాత వచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు.

ఉదయం ఏడింటికి సికింద్రాబాద్‌లో దిగి, పది రూపాయల టికెట్‌తో లోకల్ రైలెక్కి దబీర్‌పురా చేరాను. అక్కడి నుంచి శాలిబండకు ఆటో వంద అడిగారు. నా దగ్గరున్న చిరునామాలో ‘దర్గా ఎదురు గల్లీ’ అని మాత్రమే ఉంది. యాదగిరి ఫోను మోగుతోంది కానీ ఎత్తడం లేదు. “దర్గా ఎదురు గల్లీలు మస్తున్నయి మేడం. ఆయన ఏం పని చేస్తడో చెప్పు, అడుగుదాం,” అన్నాడు డ్రైవరు. మా దగ్గరికి రాకముందు వెల్డింగ్ చేసేవాడని విన్నాను, అదే చెప్పాను. ఒక షాపువాళ్లు ఎత్తు మీదికి పంపారు, అక్కడివాళ్లు మళ్లీ కిందికే పంపారు. క్షమాపణ అడగడానికి వచ్చానో, విచారణకు వచ్చానో నాకే తేలలేదు. ఆ తిరుగుడులో మరింత అయోమయంగా అనిపించింది.

చివరికి కిటికీ గ్రిల్స్ చేసే ఒక చిన్న షెడ్డులో కనిపించాడు. యాభై దాటిన మనిషి. నన్ను చూసి ముసుగు తీసి పక్కన పెట్టి, స్టూలు తుడిచి వేశాడు. చాయ్ తెప్పించాడు. మీటరు సంగతి చెప్పి, ఆ రోజు వాళ్లనెందుకు బయటికి పిలిచావని అడిగాను.

“పొద్దుగాల ట్యాంకు నోటికాడ కుళ్లిన గుడ్ల వాసన ఉండె. పగటీలికి పోయింది. మంచిగైందని మీరన్నరు. నాకు గదే ఫికరైంది,” అన్నాడు.

ఆ వాసనుండే విషవాయువు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదని, కొత్త కూలీలకు మొదటి రోజు పాఠం చెప్పేది నేనే. అయినా తగ్గలేకపోయాను. గ్యాస్ నిజంగానే పోయి ఉండొచ్చు కదా అన్నాను.

“ఉండొచ్చు. నాకెట్ల తెలుస్తది మేడం? తెల్వకనే పిలిచిన.”

తన గురించి కాగితంలో ఏం రాశారని అడిగాడు. తల వంచుకుని చెప్పాను. తన పని పోతే పోయింది అన్నట్టు అతను చెయ్యి ఊపి, “గది చదివినోడు రేపు లోపలోళ్లను బయటికి పిలువడు మేడం,” అన్నాడు.

అక్కడే కూర్చుని మా మేనేజరుకు ఫోనులో మెయిల్ రాశాను. ఆ రోజు మీటరును నమ్మలేమని, పని ఆపడం సరైనదేనని, నా నివేదిక తప్పని. తిరిగి వెళ్లాక నన్ను వివరణ అడిగారు, ఇచ్చాను. నివేదిక మార్చారు. వచ్చే మరమ్మతులకు యాదగిరిని పిలిచారు. చూస్తానన్నాడట, ఇంకా ఏమీ తేల్చలేదు.

ఆ మధ్యాహ్నం ముగ్గురి ప్రాణాలు నిలిచాయా, లేక నిజంగానే ఖాళీ ట్యాంకులోంచి నడిచి వచ్చారా అన్నది నాకిప్పటికీ తెలియదు. తెలుసుకుంటే తప్ప మనసు కుదుటపడదనుకుని వెళ్లాను. తెలియకుండానే తిరిగి వచ్చాను. ఇప్పుడు సున్నా చూసినప్పుడల్లా గొట్టాన్ని వేళ్లతో తడిమి చూస్తున్నాను. అది జాగ్రత్తో, భయమో చెప్పలేను.

శాలిబండకు ఈ దారిలో వెళ్లేవారు దబీర్‌పురాలో దిగగానే తిరుగు రైలు సమయం చూసుకోండి. ఒకటి తప్పితే తర్వాతి దానికోసం చాలాసేపు ఆగాలి.