పదకొండు నలభై రెండుకు దానయ్య ఎక్కడున్నాడు

విశ్వవిద్యాలయం కంప్యూటర్ సెంటర్‌లో దానయ్య తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు ఆపరేటర్. ఊరు జనగామ వైపు, కాపురం సీతాఫల్‌మండిలో. పర్మనెంట్ చేయాల్సిన వాళ్ల ఫైల్లో అతని పేరే మొదటిది. ఆ ఫైలు కదలాలని అతనూ, భార్య రాహేలూ మొక్కని ఆదివారం లేదు.

వెనకట పరీక్షలకో మెషీను, లైబ్రరీకో మెషీను, దూరవిద్యకో మెషీను, ఇలా ఇరవై రెండు డబ్బాలు గది నిండా వేడి కక్కుతూ ఉండేవి. తర్వాత రెండు పెద్ద సర్వర్లు వచ్చి ఆ ఇరవై రెండింటినీ కడుపులో పెట్టుకున్నాయి. ఇప్పుడవి తెర మీద ఇరవై రెండు పేర్లు మాత్రమే. అయినా ప్రతిదీ విడిగా ఒక యంత్రంలాగే పనిచేస్తుంది. ఒకదాన్ని లేపడం, ఇంకోదాన్ని ఆపడం, ఒకదానికి మెమరీ చాలకపోతే మరోదాని వాటాలోంచి తీసి ఇవ్వడం దానయ్య పని. దీని కోసం బెంగళూరులో శిక్షణ పొంది, సర్టిఫికెట్లతో ఫొటోలు దిగి వచ్చింది మాత్రం పర్మనెంట్ వాళ్లు నలుగురు. దానయ్య పుస్తకం ముందేసుకుని నేర్చుకున్నాడు.

ఆ నలుగురూ ఒక్క విషయంలో మహా జాగ్రత్తపరులు. సొంత లాగిన్ ఎవరూ తీసుకోలేదు. ఎవరు ఏం నొక్కినా పేరూ టైమూ రాసిపెట్టే యంత్రమది, పేరు పడితే పూచీ పడుతుంది. అందుకని ఎవరికి పనిపడినా దానయ్య లాగిన్‌తోనే చేసేవారు. దాని పాస్‌వర్డ్ మానిటర్‌కు అంటించిన చీటీ మీదే ఉండేది. పిచ్చి దానయ్య దానికి పొంగిపోయాడు. ఇంత పెద్ద యూనివర్సిటీ యంత్రంలో తన పేరు తప్ప ఇంకో పేరు లేదని రాహేలుతో గొప్పలు చెప్పుకున్నాడు.

రెండువేల పదకొండు ఫిబ్రవరిలో ప్రత్యేక తెలంగాణ కోసం సహాయ నిరాకరణ మొదలైంది. పర్మనెంట్ ఉద్యోగులు వచ్చి సంతకం పెట్టి, పెన్ డౌన్ అని కుర్చీల్లో కూర్చునేవారు. వాళ్ల నాయకుడు శివకుమార్, సెంటర్‌లో ప్రోగ్రామర్, బెంగళూరు వెళ్లొచ్చిన నలుగురిలో ఒకడు. మైకు పట్టుకుంటే మన కొలువులు మనకే అని గేటు దాకా వినిపించేలా మాట్లాడేవాడు. కాంట్రాక్టు వాళ్లకు ఆ సమ్మె సుఖం లేదు. పని ఆపితే రేపు రావద్దంటారు. అయినా ఒక పొద్దున విద్యార్థుల ఊరేగింపు తార్నాక వైపు కదులుతుంటే దానయ్య కాళ్లు ఆగలేదు. రిజిస్టర్లో సంతకం పెట్టి, ఎవరికీ చెప్పకుండా గుంపులో కలిశాడు. చౌరస్తాలో లాఠీలు లేచాయి. ఒక దెబ్బ అతని భుజం మీద పడింది.

సరిగ్గా అప్పుడే సెంటర్‌లో ఫోను మోగింది. దూరవిద్య మెషీను ఆగిపోయిందని, దానయ్యను చూడమని డైరెక్టర్ సోమయాజులు గారు అడిగారు. దానయ్య లేడని చెప్పడానికి శివకుమార్‌కు మనసొప్పలేదు. ఆ మంచితనం కాదనలేం. తనే కూర్చుని చూశాడు. డిస్కు నిండిపోయింది. పదకొండు రోజుల కింద దానయ్య ఒక మార్పు చేసేముందు, అది చెడితే వెనక్కి రావడానికి, ఆ మెషీన్ అప్పటి స్థితిని స్నాప్‌షాట్‌గా దాచి, తీసేయడం మరిచాడు. అది పెరిగి పెరిగి డిస్కును మింగింది. శివకుమార్ దాన్ని తీసేయబోయి, దాని దగ్గరికి వెనక్కి వెళ్లే మీట నొక్కాడు. ఖాయమేనా అని యంత్రం అడిగింది కూడా. బెంగళూరు సర్టిఫికెట్ ఖాయమే అంది. పదకొండు రోజుల్లో చేరిన నాలుగువేల పరీక్ష దరఖాస్తులు లేకుండా పోయాయి. యంత్రం రాసుకుంది: పదకొండు నలభై రెండు, దానయ్య.

మధ్యాహ్నం భుజం పట్టుకుని వచ్చిన దానయ్యను శివకుమార్ మెట్ల కిందికి తీసుకెళ్లాడు.

"దానయ్యా, నువ్వే చేసినవని రాసియ్యి. తార్నాకకు పోయినవని తెలిస్తే ఉద్యోగమే పోతది. పొరపాటంటే ఒక మెమోతోని అయిపోతది."

"మీరు చేసిన్రని చెప్తే ఏమయితది సార్?"

"పెన్ డౌన్ల లీడరే పని చేసిండంటే, రేపు నా మాట ఎవడింటడు? ఉద్యమానికే మచ్చ. తెలంగాణ రానియ్యి, నీ పర్మనెంట్ నా పూచీ."

స్నాప్‌షాట్ మరిచింది తనే కదా అన్న బాధ ఒకపక్క, ఉద్యమానికి మచ్చ అన్న మాట మరోపక్క. దానయ్య రాసిచ్చాడు. ఇది నువ్వు చేసే తప్పు కాదే అని సోమయాజులు గారు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ తనే అన్నాడు. మెమో వచ్చింది. ఫైల్లో మొదటి పేరు కొట్టేశారు. రాహేలు అతని భుజానికి కాపడం పెట్టింది, కానీ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

తెలంగాణ వచ్చింది. ఉద్యమంలో పాల్గొన్న కాంట్రాక్టు ఉద్యోగులను ముందుగా పర్మనెంట్ చేయడానికి యూనివర్సిటీ ఒక కమిటీ వేసింది. అధ్యక్షుడు శివకుమార్. దానయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. ఆ రోజు తార్నాకలో ఉన్నానని, భుజం ఇప్పటికీ పైకి లేవదని చెప్పాడు.

సూపరింటెండెంట్ కాత్యాయని మంచి మనిషి. ఫైలు తిప్పి, నొచ్చుకుంటూనే చదివింది. "పదకొండు నలభై రెండుకు కంప్యూటర్ గదిలో ఉన్నానని మీ చేత్తోనే రాశారు కదండీ. ఉద్యమం రోజున పనిచేసినవాళ్లను ఈ జాబితాలో ఎలా రాయమంటారు?"

దానయ్య శివకుమార్ వైపే చూశాడు. అతని నోటి నుంచి ఒక్క మాట చాలు, తొమ్మిదేళ్ల చాకిరీ, దానికి తోడైన ఈ మూడేళ్లూ దక్కుతాయి. శివకుమార్ గొంతు సవరించుకున్నాడు. ముందున్న కాగితాలు సర్దుకున్నాడు.

"తర్వాత ఎవరున్నరు, పిలువుండ్రి" అన్నాడు.