ఒకే పొయ్యి, ఒకే కుటుంబం

మా నాన్న కిల్లో ఫల్గుణ పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన చెప్పిన సంగతులు మాత్రం నాకు తెలిసి నాలుగు పుస్తకాల్లో ఉన్నాయి. వాటిలో ఆయన్ని "స్థానిక సమాచారదాత" అన్నారు. ఒక చోట "గ్రామ వృద్ధుడొకరు" అని కూడా రాశారు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఆరు.

ఆయన పోయి పదకొండు నెలలైంది. కాగితాలు వెతికి రాయడానికి ఆయన ఏమీ దాచుకోలేదు. నాకు గుర్తున్నదే రాస్తున్నాను.

మాది హుకుంపేట దాటి కొండల్లోకి వెళ్తే వచ్చే సిరసపుట్టు. నాన్న పదో తరగతి లెక్కల్లో తప్పి, కాఫీ నర్సరీలో సంచులకు మట్టి నింపే పనిలో చేరాడు. పెళ్లయింది, నేను పుట్టాను. ఆ రోజుల్లోనే నగరం నుంచి యూనివర్సిటీ ప్రొఫెసరు సర్వేశ్వరరావుగారు బంధుత్వాల మీద పరిశోధన చేయడానికి మా ఊరు వచ్చారు. వారం రోజులు ఇల్లిల్లూ తిరిగినా ఆయనకు ఎవరూ సరిగా మాట చెప్పలేదు. ఒకటి, మా ఇళ్లలో మాట్లాడేది ఒడియా కలిసిన మా భాష. రెండోది, ఆయన అడిగే పద్ధతి. చేతిలో పుస్తకం పట్టుకుని "మీ బంధువులెవరు?" అని అడిగితే, పోలీసులు అడుగుతున్నారనుకుని మా వాళ్లు "ఎవరూ లేరు బాబూ" అనేవారు.

నాన్న నర్సరీ నుంచి వస్తూ అది చూసి నవ్వి, ఆయన పక్కన కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న ముసలాయనను, "తాతా, నీ ఆవు తప్పిపోతే ఎతకడానికి ఎవులొస్తారు?" అని అడిగాడు. ముసలాయన గడగడా పదకొండు పేర్లు చెప్పాడు. "మరి పంది మాంసం వండితే వాసన పట్టుకుని ఎవులొస్తారు?" అంటే ఇంకో ఏడు పేర్లు తిట్లతో సహా వచ్చాయి. ప్రొఫెసరుగారి పుస్తకంలో ఒక పేజీ నిండింది.

అలా పద్నాలుగేళ్లు నాన్న ఆయన వెంట తిరిగాడు. పెదబయలు దాకా, అవతలి కొండల దాకా నడిచాడు. ఎవరి ఇంట్లో ముందు అంబలి తాగి తర్వాత మాట ఎత్తాలో, ఎవరి ముందు చచ్చినవాళ్ల పేరు అనకూడదో, ఏ అత్త ముందు ఏ అల్లుడు నోరు తెరవడో అన్నీ ఆయనకు తెలుసు. ప్రొఫెసరుగారు ఒకసారి డిగ్రీ సోషియాలజీ పాఠ్యపుస్తకం ఇచ్చారు. నాన్న దాన్ని కాఫీ చెట్ల నీడన కూర్చుని, వేలితో ఒక్కో మాటా పట్టుకుంటూ చదివాడు. అంతస్తు, పాత్ర, ప్రాథమిక సమూహం, సామాజిక నియంత్రణ, ఈ మాటలన్నీ సంతకు కూడా తీసుకెళ్లేవాడు. బేరం కుదరక తిట్టుకుంటున్న ఇద్దరిని చూపించి నాకు "ఇది సంఘర్షణ" అని చెప్పేవాడు.

అమ్మ పేరు గంగ. ఆమె పద్ధతి వేరు. "నీ అంతస్తు ఏటో నాకు తెల్దు. ఇప్పుడు నీ పాత్ర మాత్రం ఊట కాడికెళ్లి నీళ్లు తేవడం. బేగి లే" అనేది.

నాన్నకు ఒక్కడే తమ్ముడు, బుధు చిన్నాన్న. అన్నకు మాటలు, తమ్ముడికి చేతులు. మా ఇంటి వెనక పై వాలు నాన్నది, కింది వాలు చిన్నాన్నది. కింది వాలంతా రాళ్లు. చిన్నాన్న, పిన్ని పదేళ్లు ఆ రాళ్లు ఏరి గట్లు కట్టారు. మధ్యలో సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి మిరియం తీగలు, కింద కాఫీ. చిన్నాన్న నాన్నను "ప్రొఫెసరు బాబు" అని పిలిచేవాడు. "అన్నా, మన వాలు మీద ఎన్ని రాళ్లున్నాయో నీ పుస్తకంలో రాసినారా?" అనేవాడు. నాన్న ఉడుక్కునేవాడు. ఇద్దరూ నవ్వుకునేవారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా కొండ భూములకు పట్టాలు ఇస్తారన్న మాట వచ్చింది. దానికి ముందు ఏ ఊళ్లో ఎన్ని కుటుంబాలున్నాయో తేల్చాలి. ఆ సర్వే పని సర్వేశ్వరరావుగారి బృందానికి వచ్చింది. మా చుట్టుపక్కల ఊళ్లకు నాన్నను ఇన్వెస్టిగేటరుగా వేశారు. మెడలో ఫొటో ఉన్న కార్డు. జీవితంలో మొదటిసారి ఆయన పేరు అచ్చులో చూసుకున్నాడు. అమ్మ ఆ కార్డును దేవుడి దగ్గర పెట్టి మరీ ఇచ్చింది.

బృందం సిరసపుట్టు వచ్చింది కొర్రకొత్త పండగ రోజుల్లో. కొత్త కొర్రలు కోశాక, దేవతకు పెట్టి, ఆ తర్వాతే తినడం మా కొండల్లో అందరికీ ఉన్నదే. మా వంశంలో ఇంకో పట్టింపు ఉంది. ఆ ఎనిమిది రోజులు తమ్ముళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగించరు. పెద్దన్న ఇంట్లో వండిన కొత్త అన్నమే అందరూ కలిసి తింటారు. ఊళ్లో మా వంశంవాళ్లం మా రెండిళ్లే, మిగతా వంశాలకు ఈ పట్టింపు లేదు. వాళ్లు ఒక్క పూట తిని, ఎవరి ఇంటికి వాళ్లు వెళ్తారు.

"సార్, పది రోజులు ఆగి మా ఊరు చేద్దాం" అన్నాడు నాన్న.

"తేదీలు మన చేతిలో లేవు ఫల్గుణా" అన్నారు ప్రొఫెసరుగారు. మా అరుగు మీదే కూర్చుని ఉన్నారు. నేను పక్కన కొర్రలు చెరుగుతున్నాను. "ఇంకో మాట. నీ పాత పద్ధతిలో ఆవులూ పందులూ అని అడగకు. అది కథలకు బాగుంటుంది. సర్వేలో అచ్చయిన ప్రశ్న అచ్చయినట్టే అడగాలి. నీకు ముందే తెలిసింది పక్కన పెట్టాలి. నువ్వు ఇప్పుడు ఈ ఊరివాడివి కావు, పరిశోధకుడివి. దీన్నే తటస్థత అంటారు."

నాన్న ముఖం వెలిగిపోయింది. పరిశోధకుడు అన్న మాట ఆయన్ని ఎవరూ అంతకు ముందు అనలేదు.

కుటుంబం అంటే ఏమిటో ఆ ఫారం పైనే అచ్చయి ఉంది: ఒకే పొయ్యి మీద వండింది తినేవారు. మొదటి ప్రశ్న, "ప్రస్తుతం మీరు ఎవరి పొయ్యి మీద వండింది తింటున్నారు?"

చిన్నాన్న ఇంటి ముందు నాన్న నిలబడి ఆ ప్రశ్న చదివాడు. కూర్చోలేదు, అంబలి తాగలేదు. చిన్నాన్న పగలబడి నవ్వాడు.

"ఏటన్నా సేత్తన్నావు? పొద్దున్న నా పక్కన కూకుని తిన్నావు కదా. నీ పొయ్యే."

"జవాబు చెప్పు బుధూ. ఎవరి పొయ్యి?"

"నీదే అన్నాను కాదేటి. రాసుకో ప్రొఫెసరు బాబూ."

నాన్న రాసుకున్నాడు. మర్నాడు నేను అడిగాను, చిన్నాన్నది వేరే ఇల్లు కదా నాన్నా అని. "పైవాళ్లు ఒకసారి సరిచూస్తారమ్మా. మనం విన్నది విన్నట్టు రాయాలి" అన్నాడు. ఆయన నిజంగా అలాగే నమ్మాడు.

ఎవరూ సరిచూడలేదు. రెండేళ్ల తర్వాత హుకుంపేటలో సభ పెట్టి పట్టాలు ఇచ్చారు. చిన్నాన్న కొత్త కండువా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. సిరసపుట్టు పేర్లన్నీ పిలిచారు. బుధు అన్న పేరు పిలవలేదు. నాన్న పేరు మీద ఒకటే పట్టా. అందులో పై వాలు, కింది వాలు రెండూ ఉన్నాయి. కుటుంబ పెద్ద: ఫల్గుణ. ఆధారితులు అన్న గడిలో అమ్మ పేరు, నా పేరు, తర్వాత బుధు, పిన్ని, వాళ్ల పిల్లలు.

చిన్నాన్నకు చదువు రాదు. "ఆధారితుడంటే ఏటి?" అని నన్నే అడిగాడు. నేను చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"నేను ఆడి తిండి తిని బతుకుతున్నానా?" అన్నాడు. నాన్న వైపు తిరిగాడు. "ఊరంతటికీ ఎవులిది ఆలకి వచ్చింది. నా కొండొక్కటే నీ పేరెక్కింది. బాగా సదివినావన్నా."

"ఒరే, నేను కావాలని రాయలేదురా..."

"మరెవులు రాసినారు? ఆ అచ్చరాలు నీవి కాదేటి?"

అక్షరాలు ఆయనవే.

మండలాఫీసులో, కొండ భూముల చట్టం కింద ఇచ్చిన పట్టా వారసులకు వెళ్తుంది కానీ ఇంకొకరికి రాసివ్వడానికి కుదరదన్నారు. సర్వే తప్పని యూనివర్సిటీ ఉత్తరం ఇస్తే చూస్తామన్నారు. నాన్న నన్ను తోడు తీసుకుని నగరం వెళ్లాడు. ప్రొఫెసరుగారు టీ ఇప్పించారు, నా చదువు అడిగారు. ఆపైన మా ఇంటి ఫారం తెప్పించి నాన్న ముందు పెట్టారు.

"నిర్వచనం ప్రకారం ఇందులో తప్పేమీ లేదయ్యా. అడిగింది నువ్వే, రాసింది నువ్వే, కింద సంతకమూ నీదే."

"అవి కొర్రకొత్త రోజులు సార్. మీకూ తెలుసు. మా ఇంట్లోనే తిన్నారు."

ఆయన బల్ల మీదున్న పత్రిక ఒకటి తీశారు. మా కొండల్లో ఉమ్మడి కుటుంబం ఇంకా బలంగా ఉందని ఆ సర్వే ఆధారంగా ఆయన రాసిన వ్యాసం అందులో ఉంది. మా ఇల్లు పేరు లేకుండా అందులో ఉదాహరణగా ఉంది. అన్నదమ్ములు ఇద్దరూ ఒకే పొయ్యి మీద తింటారని.

"ఉత్తరం సంగతి చూస్తాలే" అన్నారు.

ఆ ఉత్తరం రాలేదు. ఆయన రిటైరయ్యారు. నాన్న బస్సులో నాతో ఒకే మాట అన్నాడు: "తప్పని రాస్తే ఆ వ్యాసం ఏమవుతుంది పాపం." పాపం అన్న మాట వెటకారం కాదు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అందుకే.

ఆ ఏడు కొర్రకొత్తకు అమ్మ రెండు కుటుంబాలకూ వండింది. నాన్న వాకిట్లో కూర్చున్నాడు. ఎండ ఎక్కేదాకా చూసి లేచి, చిన్నాన్న ఇంటి వైపు నాలుగడుగులు వేశాడు. ఆ ఇంటి కప్పులోంచి పొగ వస్తోంది. మా వంశంలో తమ్ముడి ఇంట్లో ఆ రోజుల్లో పొగ లేవడం అదే మొదలు. నాన్న అక్కడే ఆగిపోయి వెనక్కి వచ్చాడు. ఉడికిన కొర్రన్నం పశువులకు పెట్టాం.

తర్వాత పద్నాలుగేళ్లు ఆయన ఎవరి వెంటా సర్వేలకు వెళ్లలేదు. పరిశోధనకని పిల్లలు వచ్చి అడిగితే, "నాకేం తెలీదు బాబూ, ఎవరూ లేరు" అనేవాడు. నేను మాత్రం సోషియాలజీయే చదివాను. ఆయనే చదవమన్నాడు. ఇప్పుడు డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతున్నాను. కుటుంబం నిర్వచనం వాళ్ల పాఠ్యపుస్తకంలో ఇంకా అలాగే ఉంది.

పోయిన వానాకాలం ఊపిరితిత్తులు చెడి నాన్న పోయాడు. చిన్నాన్న వచ్చాడు, పాడె మోశాడు, తమ్ముడు చేయాల్సినవన్నీ చేశాడు. మా ఇంట్లో నీళ్లు కూడా తాగలేదు.

పట్టా మార్పిడికి వెళ్తే ఆఫీసులో హేమలతగారని ఒక అధికారి ఓపికగా విన్నారు. దారి ఒకటుందన్నారు. చనిపోయిన రోజు దాకా అన్నతో ఒకే పొయ్యి మీద తిన్నానని బుధు సంతకం పెడితే, ఉమ్మడి కుటుంబ సభ్యుడిగా ఆయన పేరు కూడా పట్టాలో చేర్చవచ్చు. ఊరి పెద్దలు ఇద్దరు సాక్షి చెబితే చాలు.

ఆ కాగితం పట్టుకుని కింది వాలుకు వెళ్లాను. చిన్నాన్న మిరియం తీగలు కడుతున్నాడు. విషయం చెప్పాను.

"పద్నాలుగేళ్లు ఆ పొయ్యి కాడికి రాలేదు గుంటా. ఊరందరికీ తెలుసు. తిన్నానని ఎలాగ రాత్తాను?"

"అబద్ధమే చిన్నాన్నా. కానీ కొండ నీ పేరు మీదకి వస్తుంది. నాన్న నీ కొండ తీసుకోవాలని రాయలేదు. ఇప్పటికైనా నమ్ము."

"ఆడు తీసుకున్నాడని నేనెప్పుడన్నాను?" అన్నాడు, తీగ వదలకుండానే.

నేను కాగితం ఆయన పక్కన గట్టు మీద పెట్టాను.

"ఆ సభ కాడ కోపంలో ఏదో అన్నాను. ఇంటికొచ్చేసరికే తెలుసు, మా అన్న దొంగ కాడని. కొండల మీద ఎవుల్ని ఎలాగ అడగాలో ఆడికి తెలిసినట్టు ఇంకెవులికీ తెల్దు. ముసిలోల్ల కాడ కూకుని ఆవు తప్పిపోతే అని అడుగుతాడు. నా గుమ్మంలోకొచ్చి నిలబడి కాయితం సదివినాడు. ఆల్లని మనుసుల్లాగ అడిగి, నన్ను మాత్తరం అలాగ అడిగినాడు. ఆ రోజు నా ఇంటికొచ్చింది మా అన్న కాదు."

"మరి ఆ మాట నాన్నతో ఒక్కసారైనా అనలేదేం?"

"ఆడొచ్చి కూకుంటే అందును. రాలేదు."

ఆ పండగ రోజు నాలుగడుగులు వేసి ఆగి వెనక్కి వచ్చిన మనిషి నాకు కళ్లముందు మెదిలాడు. ఆ సంగతి చెప్పాను. చిన్నాన్న చేతిలోని తీగ వదిలేశాడు. కాగితం తీసి తిరిగి నా చేతిలో పెట్టాడు.

"మీ నాన్న అంత సదివి, విన్నది రాసినాడు, నట్టం తెచ్చుకున్నాడు. నేను లేనిది రాసి లాభం తెచ్చుకోనా? వద్దు."

"నీ పిల్లల మాటేంటి?"

"నా పిల్లల్ని నువ్వు తోలేత్తావేటి?"

"తోలను."

"మరింకేటి."

నా తర్వాత ఎవరు తోలుతారో నాకు తెలియదు. అది ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

పోయిన నెల కొత్త కాగితం వచ్చింది. కుటుంబ పెద్ద: కిల్లో గంగ. ఆధారితులు: రమణి, అంటే నేను. బుధు పేరు ఇప్పుడు ఆ గడిలో కూడా లేదు. రాళ్లు ఏరిన కింది వాలు మా పేరు మీద ఉంది, చిన్నాన్న దాని మీద కాఫీ పళ్లు కోస్తున్నాడు.