ఏడో పేజీలో ఎర్ర బోరింగు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టడానికి నాకింకా తగినన్ని తెల్లవెంట్రుకలు రాలేదు. అయినా తెలంగాణ వచ్చిన కొత్తలో దేవరకొండలో ఒక ఫ్లెక్సీల దుకాణంలో పనిచేసిన నన్ను తలుచుకుంటే, ఎవరో పాతకాలపు మనిషి గుర్తొచ్చినట్టే ఉంటుంది. నాయకుల ముఖాలు తెల్లగా చేయడం, వాళ్ల వెనక సింహాన్ని నిలబెట్టడం, పుట్టినరోజు బాబుకు (నలభై ఏళ్లవాడైనా సరే) కిరీటం పెట్టడం నా పని. అందరూ మెచ్చుకునేవారు. నాకే పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయాలన్న రోగం పట్టుకుంది. ఫ్లెక్సీ వారం తిరక్కుండా ఎవరి గడ్డివాము మీదో కప్పుగా మారుతుంది, పుస్తకమైతే పేరు నిలుస్తుంది అనుకున్నాను. (పుస్తకాలు మిర్చిబజ్జీల బండి దాకా ప్రయాణిస్తాయని అప్పటికి తెలియదు.) హైదరాబాదులో పిల్లల పుస్తకాలు అచ్చువేసే ఒక మేడమ్ నా బొమ్మలు చూసి, ఎండాకాలంలో నీళ్లు వెతుక్కుంటూ తిరిగే మేకపిల్ల కథ ఇవ్వగానే దుకాణం మానేశాను. మానేటప్పుడు కళ గురించి, జీవితం గురించి యజమానికి ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆయన ఓపిగ్గా విని, “పో తమ్మీ, మంచిగుండు. గా సింహం ఫైలు యాడ బెట్టినవో జెప్పి పో” అన్నాడు.

హైదరాబాదులో ఒక గది కిరాయికి తీసుకుని పన్నెండు పేజీలు వేశాను. ఏడో పేజీలో మేకపిల్ల చేతిపంపు (మా దగ్గర బోరింగు అంటాం) కింద కడుపునిండా నీళ్లు తాగుతుంది, ఎనిమిదో పేజీలో గంతులేస్తుంది. పంపుకు నిండైన ఎరుపు వేశాను. “ఆ ఎరుపే పేజీని నిలబెట్టింది” అన్నారు మేడమ్. నేను రంగుల సమతూకం గురించి పావుగంట మాట్లాడాను. నిజానికి ఆలోచించి వేసింది కాదు. పంపు అనుకోగానే చెయ్యి దానంతటదే ఎర్ర డబ్బా దగ్గరికి పోయింది, అంతే. అయితే మేడమ్‌కు ఒక పద్ధతి ఉండేది. అచ్చుకు పోయే ముందు బొమ్మల్ని ఏదైనా పల్లెటూరి బడిలో చూపించాలి. “పిల్లలు ఒప్పుకోకపోతే ఇంకొకరితో వేయిస్తాను, బాధపడొద్దు” అని ముందే చెప్పారు. బాధపడే ఉద్దేశం లేని నేను తెలివిగా మర్రిగూడ దగ్గరి మా ఊరి బడి పేరు చెప్పాను. నాకు అక్షరాలు దిద్దించిన సార్ ఇంకా అక్కడే ఉన్నారు. ముందురోజే ఫోన్ చేసి, “సార్, పిల్లలతోని జర చప్పట్లు కొట్టియ్యాలె” అని మనవి చేసుకున్నాను. “చప్పట్లకేముందిరా, పగటి బువ్వల గుడ్డు పెట్టే రోజు రా. దేనికైనా కొడ్తరు” అన్నారు సార్.

బడిలో మేడమ్ పక్కన నిలబడి బొమ్మలు చూపిస్తుంటే, ఆరు పేజీల దాకా నేను మహా చిత్రకారుణ్ణే. ఏడోది ఎత్తి పట్టుకోగానే గది నిశ్శబ్దమైంది. ముగ్ధులయ్యారనుకున్నాను. ముందు వరసలో ఉన్న మూడో తరగతి పాప దిగ్గున లేచి, “సార్, దాన్ని తాగనియ్యకుండ్రి!” అని అరిచింది. “ఎర్ర బోరింగు! ఎర్ర బోరింగు!” అని తరగతంతా అందుకుంది. “తాగకే మేకా, కాళ్లు వంకరైతయ్!” అని వెనక నుంచి ఒకడి కేక. నేను కంగారుగా ఎనిమిదో పేజీ తీశాను. మేక కాళ్లు గీయడం నాకు మొదటినుంచీ రాదు. పాప ఆ గంతులేసే కాళ్లను పరీక్షగా చూసి, “అయ్యో, అప్పుడే వంకర వోయినయ్” అంది.

మేడమ్‌కు ఏమీ అర్థం కాలేదు. “మా దిక్కు భూమిల నీళ్లకు ఫ్లోరైడ్ ఉంటది మేడమ్. తాగితే కాళ్ల బొక్కలు వంగుతయి. తాగొద్దని తెలిసెతందుకు బోరింగులకు ఎర్ర రంగేస్తరు. పాలపండ్లు ఊడని పిల్లలకు గూడ ఎరుకే” అని సార్ విడమరిచారు. మేడమ్ నా వైపు తిరిగి, “మీదీ ఈ ఊరే కదా?” అన్నారు. ‘అవును’ అనే మాట అంత బరువుంటుందని నాకు అప్పుడే తెలిసింది. కొన్న నీళ్ల క్యాన్లు సైకిలుకు కట్టుకుని ఆ ఎర్ర పంపుల పక్కనుంచే కదా నేను పెరిగింది! చేతికి గుర్తుంది, తలకే లేదు. మేడమ్ కాగితాలు చుట్టడం మొదలుపెట్టారు. కాగితాలతో పాటు నా పేరూ చుట్టుకుపోతోంది. ఆ సింహం ఫైలు ఎక్కడ పెట్టానో నేనూ గుర్తు చేసుకోసాగాను.

ఆ పాప వచ్చి కాగితం కొస పట్టుకుంది. “మేక దూపతోని ఉన్నది మేడమ్. గట్లనే నీళ్లు లేకుండ ఇడిసిపెట్టి పోతరా?”

మేడమ్ చేతులు ఆగాయి. తరగతిలో చర్చ మొదలైంది. “క్యాన్ నీళ్లు పోద్దాం” అన్నాడొకడు. “మేకకు క్యాన్ నీళ్లెవడు పోస్తడ్రా? గా నీళ్లతోని మా నాయిన కాళ్లు కడిగితెనే మా అమ్మ తిడ్తది” అన్నాడింకొకడు. “నల్లా కాడికి తోల్కపోదాం” అంది పాప. “నల్లా ఎక్కడిది?” అన్నాను. అందరూ నన్ను జాలిగా చూసి, చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కుపోయారు. కొత్త నల్లా (కుళాయి), అందులో కృష్ణా నది నీళ్లు. వచ్చి రెండు నెలలట. ఆ రెండు నెలలూ నేను గొప్పవాణ్ణయ్యే పనిలో ఉండి ఇంటికి రాలేదు. “ఫోన్ల చప్పట్లడిగినవ్ గని, ఊరి సంగతి అడగకపోతివి” అన్నారు సార్, ఏ మాత్రం గొంతు పెంచకుండా.

మేడమ్ మర్నాటిదాకా గడువిచ్చారు. పిల్లల రంగుపెన్సిళ్లతో అక్కడే నేలమీద కూర్చుని, మేకపిల్ల ఎర్ర పంపును చూసి మొహం తిప్పుకుని నల్లా దాకా నడిచిపోయేట్టు మార్చాను. కాళ్ల సంగతి మిగిలింది. సాయంత్రం ఇంటికి పోయి, మా అవ్వను మేకను పట్టుకొమ్మన్నాను. ఆ నీళ్లకే మోకాళ్లు వంగిపోయిన అవ్వ, మంచం మీద కూర్చుని మేక చెవి దొరకబుచ్చుకుని, నా పాత ఎనిమిదో పేజీ చూసింది. “మేకను జూసి గీసినవా, నన్ను జూసి గీసినవారా?” అని కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. “నవ్వుర బిడ్డా, నువ్వు నవ్వితె నా కాళ్లు ఇంకింత వంగుతయా ఏంది” అంది. అప్పుడు నవ్వాను. ఆ తర్వాతే మేక కాళ్లు కుదిరాయి.

మర్నాడు మేడమ్ కొత్త బొమ్మలు చూసి, నన్ను వదిలేసి ఆ పాపను అడిగారు, “ఏమ్మా, పర్వాలేదా?” అని. “తాగింది గదా. సరే” అంది పాప. నా మొదటి పుస్తకానికి వచ్చిన మొదటి సమీక్ష అదే. ఆ తర్వాత చాలా పుస్తకాలకు బొమ్మలు వేశాను, అంతకంటే పొడవైన సమీక్షలు చదివాను, అంతగా నమ్మబుద్ధయినది మాత్రం ఇంకోటి లేదు.

మొన్న అదే బడికి పోయి, ఇప్పటి పిల్లలకు ఆ పుస్తకం చూపించాను. ఏడో పేజీ దగ్గర ఎవరూ అరవలేదు. ఒక పిల్లాడు మాత్రం బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, “సార్, పంపు పక్కకే ఉండంగ గీ మేక గంత దూరం ఎందుకు వోతాంది? పిచ్చిదా?” అన్నాడు. నల్లా నీళ్లతో పెరిగిన ఆ తరగతిలో, బోరింగుకు ఎర్ర రంగు ఎందుకేస్తారో ఎవ్వరికీ తెలియదు. తన బొమ్మ అర్థం కాకపోతే ఏ చిత్రకారుడైనా చిన్నబుచ్చుకోవాలి. నేను మాత్రం, చుట్టుకుపోతున్న కాగితాలను చూస్తూ సింహం ఫైలు వెతుక్కున్న అప్పటి నన్ను తలుచుకుని, హాయిగా నవ్వాను.

“అవున్రా, జర పిచ్చిదే” అని పేజీ తిప్పాను.