తోక షిగెనో చేతికి గంట వచ్చిన రోజు

షిగెనోకి పేటలో పెట్టిన పేరు తోక. ఎదురుగా అంటే ఊరుకునే మనిషి కాదు గనక చాటుగానే అనేవారు.

ఏటా వసంతంలో ఆ పేటవాళ్ళు షోదో దీవి చుట్టూ ఉన్న ఎనభై ఎనిమిది గుళ్ళనీ కాలినడకన దర్శించుకుంటారు. ముందు పేట పెద్ద ఒకడు చేతిగంట మోగిస్తూ నడుస్తాడు. ఆ గంటని దాటి ఎవరూ అడుగు ముందుకు వెయ్యకూడదు. ఈ యాత్రకి మూలపురుషుడైన దైషి గురువు కంటికి కనపడకుండా ఆ గంట పక్కనే నడుస్తాడని వాళ్ళ నమ్మకం. అందరికంటే వెనక షిగెనో నడుస్తుంది. చెప్పు తెగినవాళ్ళనీ, ఆయాసపడేవాళ్ళనీ, పొదల చాటుకని వెళ్ళి దారి మరిచినవాళ్ళనీ తిట్టుకుంటూ పోగేసుకు రావడం ఆమె పని. కాపురానికొచ్చిన ఏడాది నుంచీ అంతే. గంట ఆమె మొగుడు రిసాకు చేతిలో ఉండేది. దాని చప్పుడు మాత్రం ఆమెకి ఎప్పుడూ కొండ మలుపు అవతలి నుంచే వినపడేది.

రిసాకు పోయాక గంట తనకిమ్మని నోరు తెరిచి అడిగేసింది.

"నువ్వు ముందు నడిస్తే వెనకాల మమ్మల్ని తిట్టేదెవరు వదినా?" అన్నాడు మరిది గెంజిరో. అందరూ పడీపడీ నవ్వారు. గంట గెంజిరోకి పోయింది. ఆ సాయంత్రం షిగెనో ముల్లంగి ఊరగాయ జాడీ మీద బరువుకి పెట్టిన రాయి ఎత్తి నేలకేసి కొట్టింది. ఆ చొట్ట ఇప్పటికీ ఉంది.

గెంజిరో చెడ్డవాడేం కాదు. సన్న సేమ్యాలు చేసి ఎండలో ఆరబెట్టి అమ్ముకునే మనిషి. కాకపోతే కాస్త గొప్పలెక్కువ. ఫిబ్రవరికి ఇరవై తొమ్మిదో రోజొచ్చే ఏడాది యాత్రని తిరగేసి, చివరి గుడి నుంచి మొదటి గుడికి నడిస్తే పుణ్యం మరింత ఎక్కువంటారు. రిసాకు ఎన్నడూ అంత సాహసం చెయ్యలేదు. అలాంటి ఏడాది రాగానే, అన్న చెయ్యనిది తను చేసి చూపిస్తానని గెంజిరో బయల్దేరదీశాడు.

"తిరుగు దారి నాకు తెలుసు. గంట ఇలా ఇవ్వు," అంది షిగెనో.

"దారి దారే కదా వదినా! అటు నడిస్తే ఒకటీ, ఇటు నడిస్తే ఒకటీనా?" అని గంట కొట్టి కదిలాడు.

రెండూ ఒకటి కాదని కొండెక్కాక తెలిసింది. దారి చూపించే రాళ్ళమీద చెక్కిన చేతి గుర్తులన్నీ మామూలుగా వచ్చేవాళ్ళకే కనపడతాయి. వీళ్ళకి నాచు పట్టిన వీపులే కనిపించాయి. దారి చీలిన ప్రతిచోటా గెంజిరో వంగి, ఊడని గడ్డి చెప్పు బిగించుకుంటూ అటూ ఇటూ చూడ్డం మొదలెట్టాడు.

వంకర దేవదారు దగ్గర దారి మళ్ళీ రెండయింది.

"గెంజిరో! ఎడమకి!" అని వెనకనుంచి కేకేసింది షిగెనో.

"గాలి వదినా! వినపడట్లేదు!" అంటూ కుడికి తిరిగాడు.

గాలి లేదు. ఆకు కదిలితే ఒట్టు.

కుడి దారి రానురాను సన్నబడింది. ఒక పక్క కొండగోడ, ఒక పక్క లోయ, మధ్యలో ఒక్క మనిషి పట్టేంత చోటు. అది పోయిపోయి పాడుబడ్డ రాళ్ళ గని గోతి దగ్గర ఆగిపోయింది. పొద్దు వాలుతోంది. రాత్రి తలదాచుకోవాల్సిన గుహ గుడి ఎక్కడుందో గెంజిరోకి తెలియదు. గోతిలోకి కాసేపు చూసి, గొంతు సవరించుకుని, "అందరూ ఉన్నచోటే వెనక్కి తిరగండి," అన్నాడు.

తిరిగారు. షిగెనోకి ముందు నడుస్తున్న మోకాళ్ళ నొప్పుల తొమి ఇప్పుడు ఆమె వెనకాల ఉంది. ముందుగా పసిగట్టింది ఆవిడే.

"ఒసే షిగెనో, నీ ముందు ఎవరూ లేరే!"

"ఆగండి, నేను ముందుకొస్తా," అని అరిచాడు గెంజిరో అటు చివరినుంచి.

"ఎలా వస్తావు నాయనా? మా నెత్తిమీద నుంచా?" అంది తొమి.

షిగెనో లోయ దద్దరిల్లేలా అరిచింది. "గంట పంపించు!"

"గంట లేకుండా నాలుగడుగులు వేస్తే ఏమవుతుంది వదినా?"

"గంట లేకుండా కదలకూడదని పొద్దున ఉపన్యాసం ఇచ్చిందెవరు?"

 అటు చివర గంట ఒకసారి మోగింది. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి, ప్రతి చేతిలోనూ కాస్త మోగుతూ, దగ్గరికొస్తోంది. ఇన్నేళ్ళూ తననుంచి దూరంగా పోయిన చప్పుడు మొదటిసారి తనవైపు వస్తుంటే షిగెనోకి ఏడుపు ఆగలేదు. ఏడ్చింది. ముందు నడిచేవాళ్ళ మొహం ఎవరికీ కనపడదు గనక ధారాళంగానే ఏడ్చింది.

దేవదారు దగ్గరికొచ్చి రెండో దారి పట్టింది. ఆమెకి తడుముకోవాల్సిన పని లేదు. ఏటా ఈ దారిలో ఎవరు వెనకబడ్డారో అని పదడుగులకోసారి వెనక్కి తిరిగి చూసిన మనిషి. తిరుగు దారిలో కనపడే ప్రతి చెట్టునీ, ప్రతి బండనీ ఆమె ఇదివరకే ఇటువైపు నుంచి చూసింది. చీకటి పడేలోగా గుహ గుడి దీపం కనపడింది.

అందరి తరవాత గెంజిరో వచ్చాడు. వీపున తొమి మూట, భుజమ్మీద తొమి చెయ్యి, ఒళ్ళంతా చెమట.

"వదినా, వెనకాల నడవడం ఇంత చాకిరీ అని..."

"నోరుమూసుకుని టీ తాగు," అంది షిగెనో. తనే కప్పు అందించింది.

మరుసటి వసంతం యాత్ర మామూలు దిక్కున బయల్దేరింది. గెంజిరో వచ్చి గంట కోసం చెయ్యి చాచాడు.

"తిరుగు దారి నీదే, ఒప్పుకున్నాను. ఈ దారి నాది కదా వదినా? నువ్వు దీన్ని ముందునుంచి ఎప్పుడు నడిచావు గనక?"

"నిజమే," అంది షిగెనో. "అందుకే నిన్ను తోకన పెట్టాను. నేను తప్పితే కేకెయ్యి. నాకు గాలిలో కూడా వినపడుతుంది."

గంట కొట్టి నడిచింది.