ఆయుధపూజ నాడు ఆపిన రౌటర్

మా ఇంట్లో ఇద్దరు కోడళ్లం. నేను పెద్దదాన్ని. కోయిలకుంట్లలో మా ఆయన, మా మరిది కలిసి కేబుల్ నెట్ నడుపుతున్నారు. స్తంభాలెక్కడం, వైర్లు లాగడం వాళ్ల వంతు. ఆఫీసులో కూర్చుని రౌటర్ చూసుకోవడం మా ఇద్దరి వంతు. నేను ఈ పని మా ఆయన పక్కన నిలబడి, తప్పులు చేసి, తిట్లు తిని నేర్చుకున్నాను. మా తోడికోడలు కడపలో ఇంజనీరింగ్ చదివి వచ్చింది. వచ్చిన కొన్నాళ్లకే మా అత్త ఇంటికి ఎవరొచ్చినా, "మా చిన్న కోడలు కంప్యూటర్ ముందర కూచుంటే చూడల్ల, ఎంత ముచ్చటగుంటాదో" అనడం మొదలుపెట్టింది. అదే కుర్చీలో నేను అన్నేళ్లు కూర్చున్నాను. అప్పుడు ఆ ముచ్చట ఎక్కడికి పోయిందో మరి.

అవును, నాకు కుళ్లే. దానికి వేరే పేరు పెట్టుకోను.

రౌటర్‌తో ఒక చిక్కుంది. అందులో ఏ మార్పు రాసినా అప్పటికప్పుడు పనిచేస్తుంది. కానీ సేవ్ చేయకపోతే, కరెంటు పోయి వచ్చేసరికి ఆ మార్పు మాయమవుతుంది. పాతవే గుర్తుపెట్టుకుని లేస్తుంది అది. సేవ్ చేయని మార్పులు ఏవైనా మిగిలాయా అని అడిగితే మాత్రం వరుసగా చూపిస్తుంది. నేను రోజూ పొద్దున ఆఫీసు తాళం తీసి, దేవుడి పటం ముందు ఊదుబత్తి వెలిగించి, మొదట ఆ పనే చేసేదాన్ని. ఇంట్లో వాళ్లు నాది జాగ్రత్త అనుకునేవాళ్లు. తోడికోడలు ఏదైనా సేవ్ చేయడం మరిచిపోయి దొరుకుతుందేమోనని నా ఆశ. బియ్యంలో రాళ్ల కోసం వెతికినట్టు వెతికేదాన్ని. ఒక్కటీ దొరికేది కాదు. ఇక ఆ పూట తాగిన కాఫీ నాకు సయించేది కాదు.

పోయిన దసరాకి ముందు మా అత్త ఒక మాట అంది. "ఇద్దరు కోడండ్లకు ఒక తాళంచెవి. పూజైనంక ఎవురి చేతికియ్యల్లనో చెప్తా." ఆఫీసు తాళంచెవి అప్పటిదాకా నా నడుముకే ఉండేది. అది ఎవరి దగ్గరుంటే ఆఫీసుకు వాళ్లే పెద్ద. నాకు ఆ రోజు నుంచి నిద్ర సరిగా పట్టలేదు.

ఆయుధపూజకు మేం ట్రాక్టరు, బోరు మోటారు ఆపినట్టే రౌటర్‌ను కూడా ఆపుతాం. "సమ్మచ్చరమంతా ఉరుకుతానే ఉండాది, దాన్ని గూడ రొంతసేపు కూచోనీండి" అంటుంది అత్త. ఊరంతటికీ అలవాటైంది. ఆ కాసేపు నెట్ రాలేదని ఎవరూ ఫోన్ చేయరు.

పూజ నాడు పొద్దున కొత్త కాలనీ లైన్లన్నీ నేనే రౌటర్‌లో పెట్టాను. అక్కడ నెట్ వచ్చిందని కబురు కూడా అందింది. ఇంతలో అత్త ఫోన్. "ఏమ్మే, ఓళిగలకు పూర్ణం ఎవురు రుబ్బల్ల? బిన్నే రా." చిన్న కోడలు ఆఫీసులో ఉండి దండలు కట్టి, అలంకారం చూసుకుంటుందట. ఓళిగలు నేను చేస్తేనే మెత్తగా వస్తాయట. పొగడ్తల్లో కూడా నా వాటా వంటింట్లోనే. విసురుగా కుర్చీ తోసి వెళ్లిపోయాను.

పట్టుచీర కట్టుకుని ఓళిగల గిన్నెతో తిరిగి వచ్చేసరికి మా మరిది అన్నీ ఆపేశాడు. రౌటర్ మీద ఒక్క లైటూ వెలగడం లేదు, బంతిపూల దండ మాత్రం వేలాడుతోంది. అప్పుడు గుర్తొచ్చింది. నేను సేవ్ చేయలేదు.

మా తోడికోడలు రౌటర్‌కు పసుపు రాసి కుంకుమబొట్టు పెడుతోంది. ఆ బొట్టు కూడా ఎంత గుండ్రంగా పెట్టిందో! స్విచ్ వేయగానే కొత్త కాలనీలో నెట్ ఉండదు, ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి, ఈమె ఆ కుర్చీలో ముచ్చటగా కూర్చుని చిటికెలో సరిచేస్తుంది, తాళంచెవి అటే పోతుంది. వాకిట్లో గుమ్మడికాయ పగలగొడితే నేనొక్కదాన్నే ఉలిక్కిపడ్డాను.

మరిది స్విచ్ వేశాడు. అందరికీ బొరుగులు, బెల్లం పంచుతున్నారు. ఫోన్ మోగింది. కొత్త కాలనీ నుంచే. ఎత్తాను.

"అక్కా, పూజ అయిపోయినట్టుండాదే, నెట్టు వచ్చె. మాకు బొరుగులు ల్యావా?"

వెంటనే కంప్యూటర్ ముందు కూర్చుని చూశాను. సేవ్ చేయని మార్పు ఒక్కటీ లేదు. ఆఖరిసారి సేవ్ చేసిందెవరో కూడా రౌటర్ చూపిస్తుంది. మరిది ఆపడానికి కాస్త ముందు. మా తోడికోడలి పేరు.

నా వెనక మరిది అత్తతో అంటున్నాడు. "వదిన పొద్దున పెట్టిన లైన్లన్నీ అట్లే లేసినాయమ్మా."

"పెద్దది కదప్పా, దానికి తెల్దా" అని మా అత్త పూజలో పెట్టి కుంకుమ అద్దిన తాళంచెవిని నా చేతిలో పెట్టింది. నేను దాన్ని నడుముకు దోపుకున్నాను. తోడికోడలు బొరుగులు పంచుతూనే ఉంది.

తర్వాత చేతులు కడుక్కునే చోట తోడికోడలిని పట్టుకుని అడిగాను. "సేవ్ చేసింది నువ్వేనా మ్మే?"

"అవునక్కా. ఆపేముందర చూస్తి, మిగిలుండె. నువ్వు దినామూ పొద్దున నా పని చూస్తావు గదా, అట్లే."

"అత్తతో చెప్పకపోతివే?"

"దాంట్లో చెప్పేదేముందక్కా?"

ఎత్తిపొడుపేమోనని ఆమె ముఖమంతా వెతికాను. అక్కడ కూడా నాకు ఏమీ దొరకలేదు. ఆమె బొరుగుల పళ్లెం తీసుకుని వీధిలో పంచడానికి వెళ్లింది.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నన్ను అత్త కొట్టలేదు, తాళంచెవి ఇచ్చింది. తోడికోడలు నవ్వనూ లేదు. ఇంటికి వచ్చి, మిగిలిన ఓళిగలు డబ్బాలో సర్దుతూ ఏడ్చాను.