మాటల్లేని ఇళ్ళు

పుంగనూరు బస్టాండు వెనక, రెడ్డెప్ప కాంప్లెక్సులో మునీశ్వరి నెట్ సెంటరు ఉండేది. రామసముద్రం పిల్ల. మదనపల్లెలో ఒకరి దగ్గర పని నేర్చుకుని, చివరికి సొంతంగా పెట్టుకున్న గది అది. నాలాంటి పనిలేనివాళ్ళు ఊరికే కూర్చుని ఏదో ఒకటి చదువుకుంటున్నా లేపేది కాదు.

2009 ఎన్నికల్లో రెడ్డెప్ప ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. చెనక్కాయల వ్యాపారి, కంప్యూటరు ముందు చెప్పులు విప్పి కూర్చునే మనిషి. బెంగళూరులో పనిచేసే మన పిల్లలంతా, ఇప్పటి ఫేస్‌బుక్ లాంటి ఆర్కుట్ చూస్తారని ఎవరో ఆయన చెవిన వేశారు.

"నా పేరుతో ఒకటి తెరువమ్మా. ఎంతమంది వస్తే అంతమందిని కలుపు. వాళ్ళు బస్సెక్కి ఓటుకు రావల్ల. గెలిస్తే ఈ గది నీదే అనుకో."

"ఓడితే ఎట్లప్పా?"

"నీకు ఆ మాటే నోట్లోకి యాల వస్తాది?"

అడిగినవాళ్ళందరినీ మునీశ్వరి ఫ్రెండ్స్‌గా కలిపింది. కుప్పం కుర్రాళ్ళు కూడా చేరారు. వాళ్ళకు ఇక్కడ ఓటు లేదని రెడ్డెప్పకు ఎవరూ చెప్పలేదు. ఆ వరసలోనే యువరాజ్‌నూ కలిపింది.

యువరాజ్ నరసింహులు కొడుకు. నరసింహులు ఒకప్పుడు రెడ్డెప్పకు వ్యాపారంలో భాగస్తుడు. ఇప్పుడు రెండిళ్ళకూ మాటల్లేవు. మా వైపు మాటల్లేవంటే చిన్న సంగతి కాదు. ఒకరి అరుగు మీద కాఫీ తాగినవాణ్ణి రెండోవాళ్ళు పార్టీ మారాడంటారు. బయటూరి పిల్లకు ఇదంతా ఎవరు చెప్తారు?

ఎవరో ఆ పేజీ ప్రింటు తీసి మార్కెట్‌ యార్డులో తిప్పారు. రెడ్డెప్ప ఫోటో, కిందనే నవ్వుతూ నరసింహులు కొడుకు.

"లోపల్లోపల రాజీ అయిపోయినారప్పా. మనమేమో ఎండలో జెండాలు మోస్తాండాము," అన్నారు కార్యకర్తలు. మరునాడు ప్రచారం జీపు సగం ఖాళీగా కదిలింది.

రెడ్డెప్ప సెంటరుకు వచ్చాడు. ఈసారి చెప్పులు విప్పలేదు.

"వాళ్ళతో నాకు ఫ్రెండేందమ్మా?"

"ఉత్త ఆర్కుట్ ఫ్రెండప్పా. నిజం ఫ్రెండు కాదు."

"మనూర్లో ఉత్త ఫ్రెండు యాడుండాడు? తీసెయ్ ముందు."

తీసేసింది. సాయంత్రానికి యువరాజ్ బెంగళూరు నుంచి సెంటరుకు ఫోన్ చేశాడు.

"మా నాయనకు తెలీకుండా, మా రూములోళ్ళందర్నీ మీ పెద్దాయన ఓటుకు పిల్సుకోని వద్దామనుకుంటినక్కా. కలుపుకోని మళ్ళా తోసేసినాడే. పిలిచి ఇస్తరాకు ముందర్నించి లేపినట్టుండాది."

"తీసింది ఆయన కాదప్పా, నేను."

"పేరు ఆయనదే కదా." ఫోన్ పెట్టేశాడు.

రెడ్డెప్ప ఓడిపోయాడు. ఎట్లాగూ ఓడేవాడే. కానీ ఓడినవాడికి వేలెత్తి చూపించడానికి ఒక మనిషి కావాలి. జీపులు తిప్పినవాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. గది ఖాళీ చెయ్యమని మునీశ్వరికి కబురొచ్చింది.

కంప్యూటర్లు ఆటోలోకి ఎక్కించాక, తాళంచెవి ఇవ్వడానికి ఆమె రెడ్డెప్ప ఇంటికి నడిచింది. నేనూ వెంట వెళ్ళాను. ఎవరి చేతనైనా పంపొచ్చు కదా అంటే వినలేదు. అట్లా పంపితే ఆ ఇంటితో తనకూ మాటల్లేకుండా పోతాయంది.

"యాడికి పోతావమ్మా?" అన్నాడు రెడ్డెప్ప, ఆమె ముఖం చూడకుండా.

"మదనపల్లెకప్పా. పాత సెంటర్లోనే పని."

"ఆ ఆర్కుట్లో ఇంకా ఎవరన్నా వస్తాండారా?"

"వస్తానే ఉండారు. మీరు ఓడిపోయింది వాళ్ళకి తెలిసినట్టు లేదు."

రెడ్డెప్ప కాసేపు తాళంచెవిని వేళ్ళ మధ్య తిప్పాడు. "అయితే ఆడికి పోయినాక సూస్తా ఉండు. ఈసారి ఎవరింటి పిల్లోడో నన్నడిగి కలుపు," అన్నాడు.

"సరేప్పా," అంది మునీశ్వరి.