ఎన్ని అంతస్తులు ఎక్కగలరు?

మొన్న నోయిడాలో మెట్రో మెట్ల కింద ఉన్న దుకాణంలో పాస్‌పోర్టు నకళ్లు తీయించుకున్నాను. అలవాటు కొద్దీ కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వేడి కాగితం వాసన. ఢిల్లీలో సివిల్స్ పిల్లలుండే బేర్ సరాయ్‌లో ఇరవై రెండేళ్లు జెరాక్స్ దుకాణం నడిపినవాణ్ణి. పదో తరగతి గట్టెక్కని నేను, ఆ పిల్లలు నకళ్లకిచ్చిన నోట్సు చదివే చదువుకున్నాను. అయినా ఆ వాసన తగిలితే నోట్సు గుర్తుకు రావు, వర్ధనమ్మ గారు గుర్తుకొస్తారు.

ఆవిడ ప్రభుత్వ కార్యాలయంలో స్టెనోగా రిటైరై, సరోజినీ నగర్ క్వార్టర్ ఖాళీ చేసి, మా వీధిలో ఒక గదిలో ఒంటరిగా ఉండేవారు. ఒకరోజు ఒక ఉత్తరం తెచ్చి ఇరవై నకళ్లు తీయమన్నారు. చదివేశాను. యూరప్‌లోని హాస్టళ్లకూ, క్రైస్తవ మఠాల అతిథిగృహాలకూ చవక గది కోసం రాసింది. ఈమెయిలుకు పలకనివాడు కూడా ఉత్తరానికి మొహమాటపడి జవాబిస్తాడని ఆవిడ నమ్మకం. మొదటి వాక్యం: ‘నా వయసు అరవై మూడు, ఒక్కదాన్నే వస్తున్నాను.’ రెండోది: ‘మంచం మీద మంచం ఉంటే నాకు కిందిదే కావాలి.’

నాకు ఒళ్లు మండింది. “వయసు ముందే చెబితే గది ఎవడిస్తాడండీ?”

“ఇవ్వనివాడు నేనిక్కడ ఉండగానే లేదననీవయ్యా. అక్కడ గుమ్మంలో నిలబెట్టి లేదంటే పెట్టె ఎక్కడ పెట్టుకోను, నీ దుకాణంలోనా?”

చాలామంది లేదనే రాశారు. ఒక ఊరివాళ్లు మాత్రం, వేసవి సెలవుల్లో విద్యార్థుల గదులు ఖాళీగా ఉంటాయి, నాలుగు అంతస్తులు, లిఫ్టు లేదు, ఎక్కగలరా అని అడిగారు. మర్నాడు పొద్దున్నే ఆవిడ సర్దిన పెట్టెతో మా దుకాణం పైనున్న మేడ మెట్ల దగ్గరికొచ్చారు. నేను పెట్టె అందుకోబోయాను.

“తమరు అక్కడికీ వస్తారా?” అన్నారు.

ఇరుకు మెట్ల మీద ఒక కుర్రాడు గోడకు అతుక్కుని దారిచ్చి, “ఆంటీ, మై ఉఠా దూఁ?” అని పెట్టె మోయడానికి చెయ్యి చాపాడు. “హటో బేటా, మేరా ఎగ్జామ్ చల్ రహా హై,” అని, తన పరీక్ష నడుస్తోందంటూ వాణ్ణి తప్పించి ఆవిడ సాగిపోయారు. చెమటలు కారుతూ దిగొచ్చి, నా స్టూలు మీద కూర్చుని జవాబు రాశారు: ‘మూడు ఎక్కగలను. నాలుగు అని రాస్తే అబద్ధం.’ వాళ్లు మూడో అంతస్తులో గది ఇచ్చారు.

తిరిగొచ్చాక ప్రశ్నలతో విసిగించాను. వంట ఎక్కడ, స్నానం ఎక్కడ, తలుపు తాళం ఎవరి దగ్గర? అన్నిటికీ ఓపిగ్గా చెప్పారు. అందరూ వాడే ఫ్రిజ్‌లో ఆవిడ ఆవకాయ డబ్బా మీద ఎవరో పిల్ల పుర్రె బొమ్మ గీసి పెట్టిందట. “మూత తీసి చూసిందన్నమాట,” అని నవ్వారు.

ఆవిడ చనిపోయిన కొన్నేళ్లకు, నా అరవై ఎనిమిదో ఏట, నేనూ ఒంటరిగా యూరప్‌కు బయలుదేరాను. నా వయసు వాళ్లకెందుకని పంతం. ఎవరికీ రాయలేదు, ఫోన్లో పడక బుక్ చేసుకుని పోయాను. వానలో ఆ హాస్టల్ చేరితే, కౌంటర్ దగ్గరి అమ్మాయి పాస్‌పోర్టు చూసి, ఆ గది నలభై లోపువారికే అంది. సమానత్వం గురించి నోట్సులో చదివిన ఇంగ్లిషంతా ఆమె మీద కుమ్మరించాను. ఓపిగ్గా విని, వెనక వీధిలో విద్యార్థుల వసతిలో ఐదో అంతస్తు గది ఒక్కటే ఉందనీ, లిఫ్టు లేదనీ చెప్పింది. “ఎన్ని అంతస్తులు ఎక్కగలరు?”

“ఐదు,” అన్నాను. అప్పటిదాకా ఒక్కసారీ లెక్కపెట్టి ఎక్కి చూసుకోలేదు.

మూడో అంతస్తు దగ్గర కూలబడ్డాను. ఊపిరి అందలేదు, మోకాలు వినలేదు. ఇంచుమించు నా వయసే ఉన్న ఆ వసతి పనామె దుప్పట్ల మూటతో పైనుంచి దిగుతూ నన్ను చూసి, నా పక్క మెట్టు మీదే కూర్చుంది. “మూడే,” అన్నాను. ఆమె తలూపి, ఆ అంతస్తులోనే ఉన్న ఇస్త్రీ గది తలుపు తీసి, మడత మంచం మీద దుప్పటి పరిచింది.

వచ్చే వేసవికి మళ్లీ వెళ్లాలని ఉంది. వయసు మొదటి వాక్యంలోనే పెట్టి చాలా ఊళ్లకు రాశాను. అరవై దాటినవారిని తీసుకోబోమని ఒకచోటి నుంచి జవాబొచ్చింది. కోపం రాకుండా ఎలా ఉంటుంది? కానీ నా కుర్చీలో, నా టీ తాగుతూ కోపగించుకున్నాను. ఇంకో ఊరివాళ్లు అంతస్తుల సంగతి అడిగారు. నిన్న మా అపార్టుమెంటులో పెట్టె నింపుకుని మెట్ల వైపు నడిచాను. “అంకుల్, లిఫ్ట్ ఠీక్ హై,” అన్నాడు వాచ్‌మన్. లిఫ్టు బాగానే ఉందని తెలుసన్నాను. దిగొచ్చి జవాబు రాశాను: ‘రెండు.’